తెర వెనుక చూసిన జింకలు

నా చిన్నప్పుడు సినిమా తెరకు రెండు వైపులుండేవి. ఈ మాట చెబితే మా మనవరాళ్లు నమ్మరు. సిద్దిపేట పొలిమేరలో జొన్న కోసేసిన చెలకలో డేరా వేసి, నడిమధ్యన పెద్ద తెల్లగుడ్డ కట్టి బొమ్మ ఆడించేవారు. గుడ్డకు ముందు మగవాళ్లు కూర్చుంటే, వెనక ఆడవాళ్లం, పిల్లలం కూర్చునేవాళ్లం. మా వైపుకు కూడా బొమ్మ తేటగా కనిపించాలని ఆట మొదలయ్యే ముందు ఒకతను తెర మీద నీళ్లు చల్లి పోయేవాడు.

తెర వెనుక ఉన్న మాకు అంతా తిరగబడి కనిపించేది. అక్షరాలు తిరగబడితే మాకేమీ నష్టం లేదు, ఎట్లాగూ చదువు రాదు. కానీ బొమ్మలోని దొరబాబు ఎడమ చేత్తో బువ్వ కలుపుకుంటుంటే మా వాడకట్టు ఆడవాళ్లు చూడలేకపోయేవారు. "గంత పెద్ద బంగ్లల ఉంటడు, తినుడు రాదా వీనికి?" అని ఒక ముసలమ్మ గట్టిగానే అడిగేది. కథానాయిక కొంగు కుడి భుజం మీద వేసుకుని వస్తే, పట్నపోళ్ల పద్ధతి అట్లనే ఉంటదేమోనని సర్దుకునేవారు. ముందు వైపు వాళ్లకు ఇవన్నీ సరిగానే కనిపిస్తున్నాయని మాలో ఎవరికీ తట్టలేదు.

ఒక్క మా మేనత్తకు తప్ప. ఆమె సముద్రం దాటి వచ్చిన మనిషి. పెళ్లయిన కొత్తలో మా మామయ్యతో కలిసి రంగూన్ పోయి, ఆరేళ్లు అక్కడ కాపురం చేసి, యుద్ధం ముంచుకొచ్చాక ఒక ఇనుప పెట్టెతో తిరిగొచ్చింది. మామయ్య బతుకుదెరువుకు బొంబాయి మిల్లుకు పోతే ఆమె మా ఇంట్లోనే ఉండేది. ఆ ఇనుప పెట్టెలో ఏముందోనని నేను తెగ ఆశపడ్డాను. అందులో పాత చీరలు తప్ప ఏమీ లేవు. ఆమె తెచ్చిన అసలు సరుకంతా కళ్లలో ఉండేది.

మాది నేతవాళ్ల ఇల్లు. మా తాతయ్య కొంగు మీద బొమ్మలు నేయడంలో చెయ్యి తిరిగినవాడు. నాకు తొమ్మిదేళ్లు. రోజంతా రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టడం నా పని. నా మనసంతా మాత్రం మగ్గం గుంట మీదే ఉండేది. ఆ గుంటలోకి కాళ్లు దించి కూర్చోవాలని, దారం మోసే నాడె విసరాలని ఎంత కోరికో చెప్పలేను. ఒకసారి తాతయ్య లేనప్పుడు దిగబోయి దొరికిపోయాను. "అది మొగోళ్ల జాగ. మళ్ల గీడ కనవడ్డవంటే చూడు!" అని ఆయన ఉరిమాడు. ఆ రోజు రాట్నం తిప్పుతూ ఏడుస్తుంటే మేనత్త పక్కన కూర్చుని ఒక మాట చెప్పింది. రంగూన్ దిక్కు ఊళ్లలో మగ్గం మీద కూర్చునేది ఆడవాళ్లేనట. మగవాళ్లు పక్క నుంచి పోతుంటారట, ఎవరికీ వింతగా ఉండదట. నా ఏడుపు టక్కున ఆగింది.

ఆ ఏడు డేరాకు వచ్చిన ఒక హిందూస్తానీ బొమ్మలో కథానాయిక మెట్లు దిగుతూ పాట పాడుతుంది. ఆమె కొంగు మీద జింకల వరుస ఉంది. ఊరి ఆడవాళ్లకు ఆ కొంగు మీద మనసు పడింది. బజారులో బట్టల దుకాణం సేటు మా వాడకు వచ్చి, అచ్చం అట్లాంటి కొంగు పెళ్లిళ్ల లోపల ఎవరు నేసిస్తే పనంతా వాళ్లకేనని, లేకుంటే షోలాపూర్ నుంచి తెప్పించుకుంటానని అన్నాడు. మగవాళ్లంతా ముందు వైపు కూర్చుని రెండేసి సార్లు చూసి వచ్చారు. తీరా చెప్పమంటే ఒకరు జింకకు కొమ్ములున్నాయంటారు, ఇంకొకరు లేవంటారు. పాపం, వాళ్ల కళ్లు కొంగు దాకా దిగితే గదా! తాతయ్యకేమో డేరాలో చుట్టల పొగ పడదు, అటు వైపే పోలేదు.

మేనత్త నన్ను వరుసగా మూడు ఆటలకు తీసుకుపోయింది. భాష తెలియని దేశంలో తాను ఎట్లా బతికిందో అప్పుడే చెప్పింది. బజారుకు పోతే అన్నీ ఒక్కసారే చూసి గాబరా పడేదట. తర్వాత రోజుకు ఒక్కటే చూడడం అలవాటు చేసుకుందట. ఒక రోజు కూరలు తూచే చెయ్యి, ఒక రోజు చుట్ట చుట్టే వేళ్లు. "ఆమె మొకం సూడకు, పాట ఇనకు. కొంగే సూడు బిడ్డా," అంది. నేను మొదటి ఆటలో జింక కాళ్లు చూశాను. ముందరి కాలు ఒకటి పైకి ఎత్తి ఉంది. రెండో ఆటలో మెడ, చిన్న కొమ్ములు. మూడో ఆటలో జింకకూ జింకకూ నడుమ ఉన్న మూడాకుల మొక్క. ఇంటికి రాగానే బొగ్గుతో ఒక కాగితం మీద గీశాను.

మర్నాడు మా ఇంటి అరుగు మీద సేటు, నలుగురు నేతవాళ్లు కూడారు. మేనత్త నా కాగితం పరిచింది. కొమ్ములు, కాలు, మొక్క చూసి అందరూ ఔనౌనన్నారు. నా గుండె పొంగిపోయింది. అంతలో పక్కింటి పెద్దబాపు పగలబడి నవ్వాడు.

"జింకలు ఎడమ దిక్కుకు గదా పోయేటియి! ఈ పొల్ల కుడి దిక్కుకు తోలింది. తెర ఎనుక కూసున్నోళ్లకు అంతా ఉల్టానే!"

అరుగంతా నవ్వింది. సేటు చెప్పులు వెతుక్కుంటూ లేచాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. మా తాతయ్య ఒక్కడే నవ్వలేదు. ఆ కాగితాన్నే కళ్లార్పకుండా చూస్తున్నాడు.

మేనత్త కాగితం తీసుకుని లోపలికి నడిచింది, అందరూ వెనకే వచ్చారు. మగ్గం మీద పరిచి ఉన్న పడుగు దారాల కిందికి కాగితాన్ని జారవిడిచింది. దారాల సందుల్లోంచి నా జింకలు కుడి వైపు నడుస్తూ కనిపించాయి.

"నాయినా, బొమ్మ నేసేటప్పుడు చీర మంచి దిక్కు యాడుంటది?"

"కిందికుంటది," అన్నాడు తాతయ్య.

"మరి నేసెటోనికి కనవడేది?"

"ఉల్టానే," అన్నాడు ఆయన, మెల్లగా నవ్వుతూ. పుట్టినప్పటి నుంచి తిరగబడిన బొమ్మే చూస్తూ నేసిన మనుషులంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తిరగబడిన బొమ్మను చూసి నేస్తేనే కింద మంచి వైపు సరిగా పడుతుందని, అరుగు మీద మర్చిపోయిన సంగతి మగ్గం దగ్గర గుర్తొచ్చింది. మేనత్త పెద్దబాపు వైపు తిరిగి, "నేనూ పోయిన కొత్తల రంగూనోళ్లు అంతా ఉల్టా జేస్తున్నరనే నవ్విన. అటు దిక్కు పోయి కూసున్నంక ఎరుకైంది," అంది.

తాతయ్య గుంటలోకి దిగాడు. నాడె పట్టుకుని ఒక పక్కకు జరిగాడు.

"రా పిల్లా, కూసో. బొమ్మ నీ కండ్లల్ల ఉన్నది. నువ్వు జెప్పు, నేను నేస్త."

ఆ పక్కన మిగిలిన చోటు ఎంతో కాదు. నేను సన్నగా ఉండేదాన్ని కాబట్టి పట్టాను. గుంటలో నా కాళ్లకు తగిలిన చల్లదనం ఇప్పుడు చెబుతుంటే కూడా తెలుస్తోంది. రెండు జింకలు ఆయన నేశాడు, మూడోది నా చేత నేయించాడు. పని ముగిశాక పెద్దబాపు తానే గుంటలోకి వంగి, మగ్గం కింద తల పెట్టి పైకి చూశాడు. అక్కడి నుంచే కేక వేశాడు. "ఎడమకే పోతున్నయిరా! మూడుకు మూడు ఎడమకే పోతున్నయి!" సేటు మరో మాట లేకుండా పెళ్లిళ్ల పనంతా మా వాడకే ఇచ్చాడు. నేను వీధిలోకి పరుగెత్తి, ఎందుకో తెలియకుండానే అరుస్తూ వాడంతా చుట్టి వచ్చాను. మళ్లీ ఎవరూ నన్ను గుంటలోంచి లెమ్మనలేదు.

ఆ మగ్గమే తర్వాత నన్ను కూడా సముద్రం దాటించింది. యాభై దాటాక ఒక పరాయి దేశపు ప్రదర్శనలో నేసి చూపించమని పంపారు. నాకు ఆ భాషలో ఒక్క ముక్క రాదు. ఎదురుగా నిలబడినవాళ్లు నా చీర మీద తేలుతున్న దారపు పోగులు చూసి పెదవి విరిచారు. నేను ఒకామెను సైగ చేసి పిలిచి, పక్కకు జరిగి కూర్చోబెట్టుకున్నాను. ఆమె వంగి కింది నుంచి మంచి వైపు చూసి రెండు చేతులతో చెంపలు పట్టుకుంది. ఆ తర్వాత నా పక్కన కూర్చోవడానికి సాయంత్రం దాకా వరుస కట్టారు. మా మేనత్త ఉంటే ఎంత నవ్వుకునేదో అనుకున్నాను.

ఇప్పుడు చూపు తగ్గింది, కాళ్లు గుంటలోకి దిగవు. కానీ అరుగు మీదైనా, మంచం మీదైనా నేను ఒక పక్కకే జరిగి కూర్చుంటాను. ఇల్లంతా ఖాళీగా ఉంటే ఈ ఇరుకేందమ్మా అని మనవరాళ్లు ఆటపట్టిస్తారు. ఆనాడు తాతయ్య నా కోసం జరిగినంత చోటు, ఎవరో ఒకరు వస్తారని, నేనింకా వదిలిపెట్టే ఉంచుతున్నాను.