మనసు బరువుకు మార్కులు

మొన్న మా కోడలు నా చేతికో కొత్త గడియారం కట్టింది. కాసేపటికి అది బుర్రుమని, ఒత్తిడి ఎక్కువైంది, నిదానంగా ఊపిరి పీల్చుకోమంది. నేనప్పుడు చిక్కుడుకాయలు తుంచుతున్నాను. నవ్వొచ్చింది, ఆ వెంటే, ఒకప్పుడు ఇలాగే నన్ను కొలిచిన ఒక అమ్మాయి గుర్తొచ్చింది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, తిరుమలగిరి దిక్కు ఒక కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా ఉండేవాణ్ణి. బయట పత్తి చేలు, లోపల మీటర్ల గోడ, ఒక ఫోను, నేను. షిఫ్టంతా నన్ను పలకరించేది ట్రాన్స్‌ఫార్మర్ల రొద ఒక్కటే. ఆ ఏడాదే నా భార్య పోయింది. యంత్రాల దగ్గర పనిచేసేవాళ్ల బుర్ర మీద ఎంత భారం పడుతుందో కొలవాలని కాలేజీ నుంచి ఆ అమ్మాయి వచ్చింది. ఛాతీకి గుండె వేగం కొలిచే పట్టీ ఒకటి కట్టి, గంటగంటకూ నా మనసు బరువుకు నూటికి మార్కులు వేయమనేది. బడిలో ఎవరూ వేయని మార్కులు నాకు నేనే వేసుకోవడమా అని మొహమాటపడి, ఎప్పుడూ పదే వేసేవాణ్ణి. వారం తర్వాత గీతలు చూపించింది. "పెదనాయినా, పనున్నప్పుడు మంచిగనే ఉన్నవు. మూడు గొట్టంగ, ఖాళీగ కూసున్నప్పుడే గుండె ఉరుకుతాంది. గప్పుడే రెండు పనులు ఒక్కసారి మీదవడితే ఒకటి మర్శిపోతవ్. జర పైలం."

"ఇరవయ్యేండ్ల సర్వీసు బిడ్డా, నాకేం ఫికర్?" అన్నాను.

ఆ మాటన్న నాలుగో రోజు, సరిగ్గా మూడింటికే గాలిదుమారం లేచింది. ఒక లైను ట్రిప్పయి ఊళ్లకు కరెంటు పోయింది. అలారం మోత, ఊళ్ల నుంచి ఫోన్లు. దాని పక్క లైను నేనే ఆపి ఉంచాను; ఆ లైను స్తంభమెక్కి మా లైన్‌మన్ పనిచేస్తున్నాడు. పోయిన కరెంటు ఇవ్వాలని లేచిన నా చేయి ఆ పక్క లైను హ్యాండిల్ మీదికే పోయింది.

"పెదనాయినా, ఆగు! పోలు మీద మనిషున్నడు!" పక్కనే రాసుకుంటున్న ఆమె అరిచింది. నేను చేయి వెనక్కి లాక్కున్నాను.

లైన్‌మన్ దిగొచ్చి, "గాలి బాగనే గొట్టింది, చాయ్ ఉన్నదా?" అన్నాడు. అతనికేమీ తెలియదు. గ్లాసు నింపి ఇచ్చాను. అతను పోయాక ఆమెతో అన్నాను: "రోజు మూడు గొట్టంగ మా ఆమె ఫోన్ చేసేది బిడ్డా. తిన్నవా అని అడిగేది, గంతే. ఇంక రాదని తెలుసు. అయినా గా ఫోన్ కోసమే కూసుంటున్న."

ఆమె కలం పక్కన పెట్టింది.

మరునాడు నేనే పోయి పై అధికారికి జరిగింది చెప్పాను. తిట్టాడు, తర్వాత షిఫ్టుకు ఇంకో మనిషినిచ్చాడు. లైన్‌మన్‌కు మాత్రం ఇప్పటికీ చెప్పలేకపోయాను. కొలుస్తున్నప్పుడు కొలిచేవాళ్లు పనిలో కల్పించుకోకూడదట. మధ్యలో తాను మాట్లాడింది కాబట్టి ఆ రోజు అంకెలు చెల్లవని ఆమె కొట్టేసింది. ఆమె లెక్కల్లో ఆ మధ్యాహ్నం లేదు. నాకు మాత్రం సర్వీసు మొత్తంలో మిగిలింది అదొక్కటే; తక్కిన ఏళ్లన్నీ ఎటు పోయాయో తెలియదు.