ఊరగాయ సీసాలో ఇంజనాయిల్

రెండు రోజులుగా ముసురు. పొద్దున్నే ల్యాబు కిటికీలు మూసి, ముందురోజు వచ్చిన ఇంజనాయిల్ నమూనాలను బల్ల మీద వరసగా పెట్టుకున్నాను. మూడో సీసా మూత తీస్తుండగా సత్యవేడు నుంచి ఫోన్ వచ్చింది. మా సార్ తెల్లవారుజామున పోయారని ఆయన తమ్ముడు చెప్పాడు. మూడింటికి ఎత్తుతామన్నాడు. సీసాకు మూత పెట్టేసి, చేతులు కడుక్కుని బస్టాండుకు వెళ్ళాను.

సార్ అంటే బడిలో చదువు చెప్పిన సార్ కాదు. రేణిగుంట దారిలో ఉన్న మా ల్యాబులో నాకు పని నేర్పినాయన. కార్లలో వాడేసిన ఇంజనాయిల్‌ను పరీక్షించి, ఇంజను లోపల ఏం జరుగుతోందో చెప్పడం మా పని. ఆయిల్లో ఇనుము ఎక్కువగా ఉంటే లోపల ఏదో అరుగుతోందని అర్థం. సోడియం ఎక్కువగా ఉంటే రేడియేటర్‌లోని కూలెంట్ నీరు ఆయిల్లోకి దిగుతోందని అనుమానం. రిపోర్టంతా ఇంగ్లీషులో ఉంటుంది. సార్ మాత్రం అడుగున పెన్నుతో తెలుగులో రెండు ముక్కలు రాసేవారు. "గాలి ఫిల్టరు మార్చు. మిగతాదంతా బాగుంది." తిరుపతి కొండకు బాడుగలు తోలే డ్రైవర్లు పైదంతా వదిలేసి ఆ రెండు ముక్కలే చదువుకునేవాళ్ళు.

సీసా మూత తీయగానే ఆయన ముందు వాసన చూసేవారు. ఒకసారి నాకు నవ్వొచ్చింది. "మిషను కంటే ముక్కు ముందు పుట్టిందప్పా" అన్నారు. అంతకు మించి మాట్లాడిన రోజులు తక్కువ.

నేను చేరిన రెండో ఏడు కార్వేటినగరం నుంచి ఒక డ్రైవరు తన సొంత కారు ఆయిల్ తెచ్చాడు. తిరుపతిలో ఒక ట్రావెల్స్ వాళ్ళు ఆ కారును ఏడాది ఒప్పందానికి తీసుకోవాలంటే ఇంజను బాగుందని రిపోర్టు కావాలి. మా ఫారంలో సీసా శుభ్రంగా ఉందా అని ఒక గడి ఉంటుంది. నేను అతన్ని అడక్కుండానే "శుభ్రం" అని రాశాను. సార్ వచ్చేలోపే ఆయిల్‌ను మా పరీక్ష గొట్టంలో పోసి, సీసా పారేశాను.

సోడియం చాలా ఎక్కువగా వచ్చింది. కాలే పళ్ళెం మీద ఆయిల్ చుక్క వేస్తే చిటపటలాడలేదు. అంటే అందులో నీరు లేదు. ఇంజను వేడికి నీరు ఆవిరైపోయి ఉంటుందనుకుని సార్ సంతకం పెట్టారు. "కూలెంట్ దిగుతోంది. ఇంజను విప్పి చూపించు" అని అడుగున రాశారు.

పది రోజులకు డ్రైవరు తిరిగొచ్చాడు.

"ఇప్పి సూసినాం సార్. గ్యాస్కెట్టు కొత్తదాని మాదిరి ఉండాది, కూలెంటు దిగిన జాడే లేదు. ట్రావెల్సోళ్ళు ఇంకో కారు పెట్టుకున్నారు."

"నువ్వు తెచ్చిన సీసా యాడిదప్పా?" అని అడిగారు సార్.

"మా ఇంట్లోదే. నిమ్మకాయ ఊరగాయ సీసా. కడిగే తెచ్చినా."

"ఎట్ల కడిగినావు?"

"నీళ్ళు పోసి ఆడించి, గుడ్డతో తుడిసినా. ఏం సార్, మాయమ్మ ఏసిన ఉప్పును మీ మిషను పట్టేసిందా? కారం ఎంతుందో గూడా సెప్పింటే బాగుండు గదా."

ఉప్పులో ఉండేది సోడియమే. సార్ నా వైపు చూడలేదు. ఒక కొత్త సీసా తీసుకుని అతనితో మెకానిక్ షెడ్డుకు వెళ్ళారు. విప్పినప్పుడు ఆయిల్ పట్టిన డబ్బా ఇంకా అక్కడే ఉందట. అందులోంచి పట్టుకొచ్చి పరీక్షిస్తే సోడియం లేదు. ఆ సాయంత్రమే "తప్పు మాది. ఇంజనుకు దోషం లేదు" అని ల్యాబు కాగితం మీద రాసి, సంతకం చేసి ఇచ్చారు. ట్రావెల్స్ వాళ్ళు ఆ కాగితం చూశారు గానీ కారును తీసుకోలేదు.

"నోటితో చెప్పింటే పోయేది. కాగితం మీద ఎందుకు రాసిచ్చినావు?" అన్నాడు మా యజమాని. మరుసటి నెల నుంచి రిపోర్టుల మీద సంతకం నాకు అప్పగించాడు. సార్ ఉద్యోగం మానేవరకు పరీక్షలు ఆయన చేసేవారు, సంతకం నేను పెట్టేవాణ్ని. నేను పెన్ను తీసిన ప్రతిసారీ "సీసా సూసినావా?" అని అడిగేవారు. ఆ గడి నింపింది నేనేనని ఆయనకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెప్పలేదు.

సత్యవేడులో కట్టెలు తడిసి చితి అంటుకోవడానికి చాలాసేపు పట్టింది. వచ్చినవాళ్ళలో ఆ డ్రైవరు ఉన్నాడు. ఆ కాగితం ఇచ్చిన తర్వాత కూడా అతను మా దగ్గరికి ఆయిల్ తెచ్చేవాడు. పక్కకు పిలిచి చెప్పాను.

"అన్నా, ఆ పొద్దు నిన్ను అడక్కుండా సీసా శుభ్రం అని రాసింది నేను."

"తెలుసప్పా. ఫారం కాపీ నా కాడ ఉండె గదా. సారు రాత నాకు తెలీదా? అది సారు రాత కాదు."

"మరి సార్‌ను అడగలేదా?"

"అడిగినా. రాసింది ఎవురైనా సంతకం నాది, నేను ఆగి సూసుకోవాల్సింది అన్నాడు. నీకు తెలిసిందని వానితో అనొద్దు, బయపడినోడు ఈ పని సేయలేడు అన్నాడు. పోనీలేప్పా. ఇప్పుడెందుకు."

అతను ఐదింటికి కారు తీసుకుని వెళ్ళిపోయాడు. ఐదున్నరకు సార్ తమ్ముడు, మోసినవాళ్ళు స్నానాలకు వెళ్ళారు. నేను ఆరింటి బస్సుకు తిరుపతి బయల్దేరాను.