ఇంట్లో లైసెన్సు ఉన్న మనిషి

2023 వేసవి. మార్కాపురంలోని ఒక డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్లకు కారు నేర్పే పనిలో చేరి నాకు అప్పటికి మూడో ఏడు. నలుగురి ముందు నోరు తెరవడం నాకు చిన్నప్పటి నుంచీ కష్టం. మాట్లాడాల్సినవన్నీ ఇంటికొచ్చి డైరీలో రాసుకునే రకం మనిషిని. కారులో మాత్రం ఆ ఇబ్బంది లేదు. నేర్చుకునే మనిషి రోడ్డు వైపు చూస్తుంది, నేనూ రోడ్డు వైపే చూస్తాను, ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిన పని లేదు. నా కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. దాన్ని డ్యూయల్ కంట్రోల్ అంటాం. ఆమె తడబడితే నేను ఇటునుంచి బండి ఆపగలను.

ఈ పని గురించి అడిగేవాళ్లంతా భయం గురించే అడుగుతారు. భయం మొదటి వారంలోనే పోయింది. కోపం గురించి ఎవరూ అడగరు. అది రూతమ్మ విషయంలో వచ్చింది, ఇంకా పోలేదు.

రూతమ్మది తర్లుపాడు వైపు పల్లె. ముప్పై దాటిన మనిషి. మిరప కోతలకు, కంది కోతలకు కూలికి పోయేది. ఆమె భర్త దానియేలు పలకల క్వారీలో పనిచేసి, ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి ఇంట్లో ఉంటున్నాడు. దానియేలు అన్న యేసోబుకు సామాను వేసే చిన్న నాలుగు చక్రాల ట్రాలీ బండి ఉంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పాల క్యాన్లు తేవడానికి బండి పెడతామని పాల కేంద్రం వాళ్లు అన్నారు, కానీ తోలే మనిషికి లైసెన్సు ఉండాలన్నారు. యేసోబుకు లేదు. మా వైపు మగపిల్లలు మీసం రాకముందే ట్రాక్టరెక్కుతారు. పొలాల్లో ఎవరూ లైసెన్సు అడగరు. పెద్దయ్యాక పరీక్షకు నిలబడటం నామోషీ అనిపిస్తుంది. అందుకని ఆ ఇంటి మగవాళ్లు రూతమ్మను మా స్కూలుకు పంపించారు.

మొదటి రోజు స్టీరింగు పట్టుకుని అడిగింది:

"మేడం, ఇది కదిల్తే నేనేం చెయ్యాల?"

"కదలాలనే కదక్కా కూర్చున్నాం."

"నిజమే గానీ, అది నన్నడిగి కదల్తే బాగుంటది."

హాఫ్ క్లచ్ దగ్గర అందరూ అవస్థ పడతారు. క్లచ్‌ను సగం మాత్రమే వదిలి, బండి ముందుకు దూకకుండా, వెనక్కి జారకుండా పట్టి ఉంచడమే హాఫ్ క్లచ్. రూతమ్మ అక్కడ చర్చి పాటొకటి సన్నగా పాడుకునేది. పాట సాగినంతసేపూ బండి కదలకుండా నిలిచేది. మొదటిసారి ట్రాక్ టెస్టులో రివర్స్ దగ్గర గుర్తు దాటి తప్పింది. రెండోసారి నెగ్గింది. లైసెన్సు పోస్టులో వచ్చిన రోజు దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి నాకు చూపించడానికి తెచ్చింది.

"ఫోటోలో దొంగ మొగమేసుకొని ఉండా, చూడండి మేడం," అని నవ్వి, తర్వాత మెల్లగా అంది. "ఇల్లు మా మామ పేరు మీద ఉండాది. బండి మా బావ పేరు మీద. నా పేరు మీద మా ఇంట్లో ఇదొక్కటే."

ఆమె పాల బండి తోలడం మొదలుపెట్టాక అప్పుడప్పుడు రోడ్డు మీద కనబడేది. నా కారును చూసి హారన్ కొట్టేది కాదు, లైటు వేసి ఆర్పేది. హారన్ అనవసరంగా కొట్టొద్దని నేర్పింది నేనే.

ఒక సోమవారం పొద్దున మా ఓనర్ రమణారెడ్డి సార్ నన్ను ఆఫీసులోకి పిలిచారు.

"అమ్మాయ్, నీ శిష్యురాలికి ఒక మాట చెప్పిరావాల. యేసోబు ఫోన్ చేసినాడు. నిన్న ట్రాలీలో పెండ్లి సామాను ఏసుకొని వస్తా మలుపు కాడ గొర్రెల కాపరిని గుద్దినాడు. ముసలాయనకు కాలిరిగింది. వీడికా లైసెన్సు లేదు. ఇంట్లో లైసెన్సున్న మనిషి ఉండనే ఉంది. బండి నేనే తోలినానని ఆమె ఒక్క మాటంటే అయిపోతది."

"ఆమె తోలలేదు కద సార్."

"తోలలేదు గనకనే చెప్పమంటన్నా. తోలుంటే చెప్పమనే పనేముంది?"

ఆయన నవ్వారు. అది ఆయనకు కొత్త సంగతి కాదు. మా వైపు దీన్ని 'డ్రైవర్‌ను పెట్టడం' అంటారు. లైసెన్సు లేనివాడు బండి తోలి ఎవరినైనా గుద్దితే ఇన్సూరెన్సు కంపెనీ అడ్డం తిరుగుతుంది. అందుకని లైసెన్సు ఉన్న ఎవరో ఒకరిని ముందుకు తోసి, ఇతనే తోలాడని స్టేషన్లో చెప్పిస్తారు. ఆ ఎవరో ఒకరి మీద కేసు పడుతుంది, కోర్టుకు తిరగాలి, లైసెన్సు కొన్నాళ్లు ఆగిపోవచ్చు, పోవచ్చు కూడా. రూతమ్మకైతే లైసెన్సు ఆగిన రోజే పాల బండి పని పోతుంది.

"ముసలాయనకు న్యాయం జరగొద్దా? నువ్వు ఆడపిల్లవు, చెప్తే ఇంటది. పో తల్లీ," అన్నారు సార్.

బండి తాళం తీసుకుని బయల్దేరాను. దారి పొడుగునా ఆయనకు చెప్పాల్సిన జవాబులు ఒక్కొక్కటే నోటికి వచ్చాయి. ఎప్పుడూ అంతే, ఎదుటి మనిషి పోయాక వస్తాయి.

రూతమ్మ ఇంటి ముందు రేకుల పంచలో యేసోబు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. దానియేలు మంచం మీద ఉన్నాడు. రూతమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. పక్కిళ్ల ఆడవాళ్లు ముగ్గురు నలుగురు గడప దగ్గర చేరారు.

"రా మేడం, సమయానికొచ్చినావు," అన్నాడు యేసోబు. "నువ్వన్నా చెప్పు మా మరదలికి. నేర్పించింది నేను, బండి నాది. ఇంటికొక కష్టమొస్తే ఆ లైసెన్సు దేనికి, ఫ్రేము కట్టి గోడకు తగిలించుకోనా?"

"నేను ఆదివారం చర్చిలో ఉంటి బావా," అంది రూతమ్మ. "ముందు వరసలో నిలబడి పాట చెప్పినా. ఊరంతా చూసింది."

"ఊరి సంగతి నేను చూసుకుంటాలే. ఎవురూ చూళ్లేదంటారు."

రూతమ్మ గడప దగ్గరి ఆడవాళ్ల వైపు చూసింది. ముందురోజు ఆమె పక్కన నిలబడి అదే పాట పాడినవాళ్లు. ఒకామె పైట సర్దుకుంది. ఇంకొకామె, "ఏమోలేమ్మా, మాకెందుకు, మేం కండ్లు మూసుకొని ప్రార్థనలో ఉంటిమి," అంది.

ఇంతలో దానియేలు దగ్గుతూనే అన్నాడు. "రూతూ, అన్న మనల్ని సాకినాడు కదా. ఒక్క మాట."

"ఒక్క మాటే. ఆ మాటకు రేపట్నుంచి నేను మనిషిని గుద్దినదాన్ని," అంది రూతమ్మ. గొంతు పెంచలేదు. "ఆ ముసలాయన గొర్రెలు నాకు తెల్సు. రోజూ ఆ మలుపు కాడికి పొయ్యేతలికి దాట్తా ఉంటాయి. హారన్ కొడితే బెదుర్తాయని బండి నిలబెట్టి, ఆఖరు గొర్రె దాటినంక కదిలిస్తా. ఆయన చెయ్యెత్తుతాడు, నేను పోతా. మేడం, నువ్వు చెప్పు. నేను తోలుంటే ఆయన్ను గుద్దేదాన్నా?"

అందరూ నన్ను చూశారు. నన్ను పంపిన పని గుర్తుంది.

"గుద్దేదానివి కాదక్కా. తోలానని చెప్పొద్దు."

"ఏందీ?" అన్నాడు యేసోబు.

"చెప్పొద్దన్నాను."

"నోట్లో నాలిక లేని పిల్లనుకుంటి! మీ సార్ నిన్ను పంపింది ఇందుకేనా?"

ఇందుకు కాదు. ఆ సంగతి మా సార్‌కే చెప్పుకోమన్నాను. మొదలుపెట్టిన మాట ఈసారి పూర్తయింది.

ఆ మధ్యాహ్నం అందరూ స్టేషన్‌కు వెళ్లారు. నేనూ వెళ్లి బెంచీ చివర కూర్చున్నాను. బండి తన మరదలే తోలిందని యేసోబు అప్పటికే ఎస్సైకి చెప్పి ఉన్నాడు. ఎస్సై రూతమ్మ లైసెన్సు అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు.

"ఏమ్మా, బండి నువ్వేనా తోలింది?"

యేసోబు, దానియేలు, తోడొచ్చిన ఊరి పెద్దమనుషులు, అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆ నిమిషంలో ఆమె తల ఊపితే చాలు. మాట కూడా అక్కర్లేదు.

"లేదు సార్. మా బావ తోలినాడు. నేను చర్చిలో ఉండా."

"చర్చిలో నిన్ను చూసినవాళ్లెవరన్నా వచ్చినారా?"

ఎవరూ కదల్లేదు. ఊరి పెద్దమనుషుల్లో ఇద్దరు అదే చర్చిలో కానుకల పళ్లెం పట్టుకునేవాళ్లు. వాళ్లు ఫ్యాను వైపు చూశారు.

"చూసినవాళ్లు చాలామంది ఉండారు సార్," అంది రూతమ్మ. "చెప్పేవాళ్లే లేరు. ఫరవాలేదు. నేను తోలలేదు, తోలినానని సంతకం పెట్టను. నా లైసెన్సు నాకియ్యండి."

ఒప్పుకోని మనిషిని డ్రైవరుగా పెట్టడం ఎవరివల్లా కాదు. ఎస్సై కార్డు ఆమె చేతిలో పెట్టి, యేసోబును లోపలికి రమ్మన్నాడు.

బయటికొచ్చాక దానియేలు ఆమెతో మాట్లాడలేదు. ఆ తర్వాత చాలా రోజులు మాట్లాడలేదు. యేసోబు ట్రాలీ తాళం తీసేసుకున్నాడు. పాల కేంద్రం పని పోయింది. లైసెన్సు కాపాడుకుంటే పని నిలుస్తుందనుకున్నాను. లైసెన్సు నిలిచింది, పని పోయింది. రూతమ్మ మళ్లీ మిరప కోతలకు పోయింది. చర్చిలో పాట చెప్పే చోట ఇంకొకరిని నిలబెట్టారు. ఇప్పుడు ఎవరైనా పిలిచిన రోజు వాళ్ల బండి తోలుతోంది. పిలవని రోజు కూలికి పోతోంది.

గొర్రెల కాపరి కేసు ఇంకా నడుస్తోంది. ఇలాంటి కేసుల్లో కోర్టు చెబితే కంపెనీ ముందు దెబ్బ తగిలిన మనిషికి కట్టి, తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకునే దారి కూడా ఉంటుందని ఆయన తరఫు వకీలు తర్వాత చెప్పాడు. అంటే ముసలాయన కాలు పేరు చెప్పి వాళ్లు కాపాడాలనుకున్నది యేసోబు జేబును. న్యాయం అనే మాట మా సార్ ఎంత మెత్తగా వాడారో తలచుకుంటే ఇప్పటికీ నాకు పళ్లు బిగుస్తాయి.

సార్ నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. ఆడవాళ్లకు నేర్పే మనిషి ఇంకొకరు దొరకరు. కానీ ఒకరోజు విసుక్కున్నారు.

"ఏందమ్మా నువ్వు చేసిన పని? మన లేడీస్ బ్యాచ్‌లో సగం మందిని ఎందుకు పంపుతారనుకున్నావు? ఇంట్లో ఒక లైసెన్సుంటే అవసరానికి పనికొస్తదనే. ఇట్లయితే ఎవురొస్తారు?"

అన్నాళ్లూ నేను వాళ్లకు రోడ్డు నేర్పుతున్నానని అనుకున్నాను. చెమట పట్టిన చేతులతో స్టీరింగు పట్టుకుని, ఇంట్లో వంట ముగించుకుని పరుగెత్తుకొచ్చి, రివర్స్ దగ్గర ఏడ్చి, మళ్లీ ఎక్కినవాళ్లు. వాళ్లు సంపాదించుకున్న కార్డును మగవాళ్లు గొడుగులాగా మూలన పెట్టుకుంటున్నారు, వాన పడితే ఆ ఆడవాళ్లను తమకు అడ్డం పట్టుకోవడానికి.

అప్పటి నుంచి చివరి రోజు క్లాసులో, అద్దాలు, సిగ్నళ్లు అన్నీ అయ్యాక, సిలబస్‌లో లేని మాటొకటి చెబుతున్నాను. బండి మీరు తోలనప్పుడు తోలానని చెప్పమని ఎవరు అడిగినా, ఎంత దగ్గరివాళ్లు అడిగినా, చెప్పకండి. లైసెన్సు సంపాదించడం ట్రాక్ మీద అవుతుంది. నిలుపుకోవడం ఇంట్లో అవుతుంది.

మొన్న గిద్దలూరు వైపు నుంచి వచ్చిన కొత్త కోడలికి ఈ మాట చెప్పాను. ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "అయ్యో మేడం, మా ఇంట్లో అట్ల ఎవురడుగుతారు!"

వెనక సీట్లో ఆమె అత్త ఉంది. అంతవరకూ దారిలో కనబడిన ప్రతి బండికీ ఏదో ఒక వంక పెడుతూ వచ్చిన మనిషి, ఉన్నట్టుండి మాట ఆపి కిటికీలోంచి బయటికి చూసింది.

ఆ అమ్మాయి అద్దంలో అది చూసింది. నవ్వు ఆగింది. బండిని రోడ్డు పక్కకు తీసి, న్యూట్రల్‌లో పెట్టి, చేతి బ్రేకు వేసింది.

"ఇంకొకసారి చెప్పండి మేడం."

చెప్పాను. వెనక సీటుకు వినబడేంత గట్టిగా.