పాసు చీటీ మీద సంతకం

గూడూరు మైకా షెడ్డులో ముప్పయ్యేళ్లు అభ్రకం రేకులను ఎండకు పట్టి చూసి పాసు చేసినవాణ్ణి నేను. ఆవగింజలో సగమంత మచ్చ ఉన్నా రేకు పక్క గంపలోకి పోయేది. పాసైన ప్రతి కట్టలో చూసినవాడి సంతకంతో చీటీ పెట్టేవాళ్లం. తర్వాత ఎక్కడ తప్పు బయటపడినా కట్ట వాడి పీట ముందుకే తిరిగొచ్చేది. మూడో తరగతిలో బడి మానేసిన నాకు అక్షరాలు గట్టిపడింది ఆ చీటీల మీదే.

మొన్నామధ్య నెల్లూరులో మడిచిపెట్టే రకం కంప్యూటరు కొన్నాను. రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు మా అల్లూరు మడుల్లోకి దిగుతున్నాయని రైతులకు అర్జీలు రాసిపెట్టేది నేనే. ఈమధ్య చెయ్యి వణుకుతోంది, ఇక టైపు చేద్దామనుకున్నాను. అట్టపెట్టె మీద నాణ్యత పరీక్షలో పాసైనట్టు పచ్చ చీటీ. మా షెడ్డు గుర్తొచ్చి ముచ్చటపడ్డాను. తెర వెలిగించగానే కుడివైపు నల్లటి చుక్క. తుడిచాను. పోలేదు.

మా ఆవిడను పిలిచి చూపించాను.

"యాడ? నాకేం కనపడలా. ఆపరేషనైన కన్ను గదా మీది, ముందు దాన్ని తుడుచుకోండి."

ఆ కంటితోనే ఇన్నేళ్లూ అన్నం తిన్నాను. చుక్క తెరలో లేదంటే కంట్లో ఉన్నట్టే. మర్నాడు పొద్దున్నే పెట్టె ఒళ్లో పెట్టుకుని నెల్లూరు బస్సెక్కాను.

కొట్లో ఇంజినీరు తెర చూడకుండా నా కళ్లజోడు చూశాడు.

"పెద్దాయనా, కంటి డాక్టరు కాడికి పోయినారా?"

"ముందు నువ్వు దీన్ని చూడబ్బయ్యా. ఆనక పోతాలే."

వంగాడు. ఇంకా వంగాడు. "ఉండాది" అన్నాడు చివరికి. తిట్టడానికి వెళ్లినవాణ్ణి, అతన్ని కౌగిలించుకున్నంత పనిచేశాను. అంతలోనే అన్నాడు గదా:

"ఇట్టాంటివి అయిదు దాకా ఉండొచ్చు పెద్దాయనా. కంపెనీ రూలు. మీకు ఒక్కటే వచ్చింది."

"అయితే తక్కిన నాలుగూ ఎవరింటికి పంపినారు?"

కొట్లో ఉన్నవాళ్లు నవ్వారు. నేను ఆగలేదు. "ఈ చీటీ అంటించేముందు దీన్ని చూసినోడెవరు?"

"మనుషులు చూడరు పెద్దాయనా. మెషీను చూస్తాది."

"ఆ మెషీనును పాసు చేసింది ఎవరు?"

జనం పోగవుతున్నారని కాబోలు, ఇంకో పెట్టె విప్పాడు. అందులో ఒక మీట నొక్కితే మళ్లీ లేవలేదు. పచ్చ చీటీ మాత్రం అంతే పచ్చగా ఉంది. మూడోదాన్ని వాకిట్లోకి తీసుకుపోయి ఎండకూ నీడకూ తిప్పి గంటసేపు చూశాను. మీటలన్నీ నొక్కాను. వంక కనబడలేదు. పెన్ను అడిగి తీసుకుని పచ్చ చీటీ కింద నా సంతకం పెట్టాను.

"మీ సంతకం ఎందుకు పెద్దాయనా?"

"రేపు తప్పు దొరికితే ఎవరి పీట ముందుకు రావాల్నో తెలియొద్దా?"

ఇంటికొచ్చి మా ఆవిడ ముందు దర్జాగా తెర తెరిచాను. ఆమె కళ్లజోడైనా పెట్టుకోకుండా ఎడమ మూల వేలు పెట్టింది.

"ఈ గీతేంది?"

వంగాను. ఇంకా వంగాను. వెంట్రుకంత గీత.

ఇంజినీరును ఏమనడానికీ నోరు లేదు. కట్ట నా పీట ముందుకే వచ్చింది. ప్రతి చీటీ మీదా చూసినవాడి పేరుండాలని కంపెనీకి రాయదలచిన అర్జీని, ఆ గీత పక్కనుంచే మొదలుపెట్టాను.