మేనత్త కోరిన చూపు

మెలెసీని ఎడమ కనుబొమ్మ మీద నర్సు నీలం సిరాతో బాణం గీసింది, ఆపరేషన్ చెయ్యాల్సింది ఈ కంటికే అని గుర్తుగా. గుర్తెందుకో! కుడికన్ను చిన్నప్పుడే పోయింది, ఉన్నదే ఆ ఒక్కటి.

పొద్దుటి నుంచి మెలెసీని మంచినీళ్ళు కూడా తాగకుండా, మాటిమాటికీ మందుచుక్కలు వేయించుకుంటూ కూచుంది పాపం. పక్కనే మేనత్త ఫిఫితా పెద్ద చోట్లకి వెళ్ళేటప్పటి మా మర్యాద ప్రకారం నడుముకి చాప చుట్టుకుని, నుకుఅలోఫాలో ఉన్న ఆ ప్రైవేటు ఆసుపత్రి తన పుట్టిల్లన్నట్టు కూచుంది. ఆవిడకి ఎనభై మూడేళ్ళు. మా టోంగాలో మేనత్త మాటకి ఎదురు లేదు. మేనకోడలికి యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా అంతే.

డాక్టరు కాగితం పట్టుకుని వచ్చి అడిగాడు. దగ్గరివి కనపడే లెన్సు వెయ్యాలా, దూరానివి కనపడేదా? దూరానిదైతే దగ్గర పనులకి కళ్ళజోడు తప్పదు. ఒకసారి వేశాక మార్చేది లేదు.

దగ్గరిదే, అని చెప్పాలని మెలెసీని మూడు నెలలుగా అనుకుంటోంది. ఆరేళ్ళుగా మొగలి ఆకుల్ని దారాల్లా చీల్చి ఒక సన్నచాప అల్లుతోంది. ఇంకో మూరెడు మిగిలి ఉండగా కంటికి పొర కమ్మింది. నేలమీద వంగి అల్లేవాళ్ళకి కళ్ళజోడు చెమటకి జారి ఒళ్ళో పడుతుంది. అంత సన్నపు పనికి సొంత చూపే కావాలి.

ఆ చాప మేనత్త కోసమే. ఆఖరున ఆవిడని అందులో చుట్టి పంపాలి. ఆ మాట ఆవిడ మొహం మీద అనే మొనగాడు ఇంకా పుట్టలేదు.

"దూరందే వెయ్యి నాయనా," అంది ఫిఫితా. "చర్చిలో పక్క వరసలో నేనుంటే, ఎవరో అనుకుని దణ్ణం పెట్టి పోతుంది ఇది."

"అత్తా, మరి అల్లిక..."

"అల్లిక నీ వేళ్ళలో ఉందే. కళ్ళతో పనేంటి?"

డాక్టరు మెలెసీని వంక చూశాడు. ఒక్క మాట చాలు. ఆమె కక్కలేక మింగలేక తల ఊపింది. దూరం అని రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. సంతకం గీత దాటి పోయింది.

అతను వెళ్ళాక ఏడుపొచ్చింది. ఏడిస్తే మందు కారిపోతుందని నర్సు ముందే చెప్పింది. ఆ భాగ్యం కూడా లేదు.

అప్పుడు ఫిఫితా దగ్గరికి జరిగి చెయ్యి పట్టుకుంది.

"ఆ చాప ఎవరికో నాకు తెలుసే," అంది మెల్లిగా. "నీకు దగ్గర చూపొస్తే ఇట్టే అయిపోతుంది. అయిపోతే ఇంకేముంది, చుట్టడమేగా. నాకు భయంగా ఉందే."

మెలెసీనికి కోపం రావాలి. వచ్చినా బాగుండేది. చక్రాల మంచం వచ్చింది. ఎక్కించి పడుకోబెట్టారు, నెత్తికి టోపీ తొడిగారు. ఫిఫితా ఆ చెయ్యి వదల్లేదు.

"ఎంత మిగిలిందే?"

"చాలా ఉందత్తా," అంది మెలెసీని. "సగం కూడా కాలేదు."