బట్టమేక, చాచీ మేక

నేను ఏం చెప్పినా మా గోదావరిఖని కాలనీలో అందులో సగం కొట్టేసి వినేవారు. నాకు కోతలరాయుడని పేరు. కాబట్టి ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిగుట్ట అవతలి బీడులో, ఇప్పుడెక్కడా కానరాని బట్టమేక పిట్ట కనిపించిన రోజు, సంతోషంతో పాటు దిగులూ పట్టుకుంది. నమ్మేదెవరు?

గనిలో నేను నడిపే డంపర్‌లోంచి కళ్లారా చూశాను. ఎండుగడ్డిలో నిలబడ్డ పెద్ద పిట్ట. పొడుగాటి తెల్లమెడ, నెత్తిన నల్లటి టోపీ, పని చూసే మా ఓవర్‌మన్ లాగే ఛాతీ విరుచుకున్న నడక. మా తాత చిన్నప్పుడు చూశానని చెప్పుకుని మురిసిపోయిన పిట్ట అది. ఫస్టు షిఫ్టు దిగి ఇంటికొచ్చాక చేతులైనా కడుక్కోలేదు.

"ఏమే, మట్టిగుట్ట అవతల బట్టమేకను చూసిన!"

మా ఆవిడ నోరు తెరిచేలోపే పక్క క్వార్టర్ చాచీ గోడ మీంచి తల పెట్టింది. పొద్దున్నుంచి ఆమె మేక కనబడటం లేదు.

"యా అల్లా! నా మేక దొరికిందా? జల్ది పా బేటా!"

"మేక గాదు చాచీ, బట్టమేక..."

"అదే! మెడకు ఎర్రబట్ట నేనే కట్టిన!"

ఇక ఆమెకు చెప్పడం ఎవరి తరం? పలుపుతాడు, వేపకొమ్మ పట్టుకుని నా స్కూటరెక్కి కూర్చుంది. బీడులో దిగి "ఆ, ఆ" అని పిలిచింది. గడ్డిలోంచి మెడ లేచింది. చాచీ చేతిలో కొమ్మ జారిపోయింది. పిట్ట మమ్మల్ని తేరిపార చూసి, నాలుగడుగులు పరిగెత్తి, బరువుగా ఎగిరిపోయింది. తిరుగు దారంతా చాచీ నన్ను తిడుతూనే ఉంది.

ఇంటి ముందు జనం. చాచీ మేక మా దండెం మీది నా డ్యూటీ చొక్కా నములుతోంది.

"బట్టమేక ఈడుంటే గుట్టకేం పోయినవ్?" అంది మా ఆవిడ. అందరూ ఘొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మేకను కావలించుకున్న చాచీ గయ్యిమంది. "ఏంది నవ్వుతరు? మేకంత పిట్టను చూపెట్టిండు! రెక్కలిప్పితే మంచమంత ఉన్నది!"

"నిజమేనా చాచీ?"

"నా కండ్లతోని చూసిన! నేనేమన్న గీని లెక్క కోతలు కోస్తనా?"

నవ్వులు ఆగిపోయాయి. ఒక్కొక్కరే నా దగ్గరికొచ్చి, పిట్ట ఎట్లుంది, ఎంతుంది అని అడగడం మొదలుపెట్టారు. చొక్కా పోతే పోయింది.