మల్లికి పెట్టిన రెండు గిన్నెలు

సారపాకలో పెళ్లి ఊరేగింపులకు మా నాన్న నడిపే తెల్ల గుర్రం మల్లి వారం నుంచి కొట్టంలోని మట్టిగోడ నాకుతోంది. మట్టి కడుపులో పేరుకుంటే ప్రాణం మీదికి వస్తుందని చెప్పి, పశువుల డాక్టరు ఖనిజ లవణాల పొడి ఇచ్చాడు. నాన్న దాన్ని దాణాలో కలిపేసరికి మల్లి రెండు రోజులు దాణాయే ముట్టలేదు. నాకు నిద్ర పట్టలేదు.

ఈ రోజు పొద్దున, ఒక పుస్తకంలో చదివినట్టుగా, ఉత్త దాణా పోసి, పక్కనే ఒక గిన్నెలో కల్లుప్పు, ఇంకో గిన్నెలో పొడి విడిగా పెట్టాను.

"ఏంది బిడ్డా, గుర్రానికి బఫే పెట్టినవా?" అన్నాడు నాన్న.

"ఏం కావాల్నో అదే చూసుకుంటది నాన్నా."

"అవ్, నీకంటే నయమే. మొన్న పెళ్లిల బఫే కాడ ఏం తీసుకోవాల్నో తెల్వక, నువ్వు ఖాళీ ప్లేటు పట్టుకొని గోడకే ఆనుకొని నిలబడ్డవ్."

మల్లి పొడిని వాసన చూసి తుమ్మింది. ఉప్పు తనివితీరా నాకి, దాణా అంతా తినేసింది. సాయంత్రానికి పొడిలోనూ నాలుక గుర్తులున్నాయి. గోడ వైపు మాత్రం వెళ్లలేదు. నాన్న రెండు గిన్నెలూ మళ్లీ నింపాడు.

ఇక గోడ వదలాల్సింది నేనే. బఫేలో మీరు ముందు దేని దగ్గరికి వెళ్తారో కాస్త చెప్పండి.